రీమిక్స్‌లో మిగిలేది: ట్రాన్స్ సింగిల్ నుంచి ఓరుగల్లు డీజే దాకా

1990లో బెల్జియంలోని డికీ రికార్డ్స్ సంస్థ ‘ది ఏజ్ ఆఫ్ లవ్’ పేరుతో ఒక పన్నెండు అంగుళాల వినైల్ రికార్డును విడుదల చేసింది. బ్రూనో సాంకియోని, జుసెప్పె కెర్కియా కూర్చిన ఆ బాణీకీ, దాన్ని వెలువరించిన బృందానికీ పేరు ఒకటే. ట్రాన్స్ సంగీత చరిత్రను రాసేవారు తొలి అధ్యాయంలోనే ఈ రికార్డును ప్రస్తావిస్తారు; అలా ప్రస్తావించేటప్పుడు వారు తలచుకునే రూపం మాత్రం 1990 నాటిది కాదు, రెండేళ్ల తరువాత ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన రాల్ఫ్ ఎల్మర్, మార్కుస్ లోఫెల్ అనే జంట ‘జామ్ అండ్ స్పూన్’ పేరుతో తయారుచేసిన రీమిక్స్. మూలం కన్నా ప్రతిరూపం ఎక్కువ ప్రసిద్ధి పొంది, చివరకు అదే మూలంగా చెలామణి కావడం శిష్ట సంగీతంలో అరుదుగా జరుగుతుంది గాని, నృత్య సంగీతంలోనూ జానపదంలోనూ నిత్యం జరిగే పనే. ఈ రెండు లోకాలకూ మధ్య ఉన్న చుట్టరికం పైపైన కనిపించేదాని కంటే గట్టిది. దాన్ని శబ్దశాస్త్రం, మెదడు శాస్త్రం వైపు నుంచి పరిశీలించదలచినవారికి జాతర డోలూ, ఊరేగింపు డీజే ఒకే వీధిలో మోగే ఓరుగల్లు ప్రాంతం కంటే అనువైన చోటు దొరకదు.

సింగిల్ అంటే ఆల్బంతో ప్రమేయం లేకుండా ఒంటిగా విడుదలయ్యే పాట లేదా బాణీ. దాని పొరలను, అంటే గొంతు, స్వరం, మంద్రస్థాయిలో నడిచే బేస్, తాళవాద్యం, విడదీసి, కొన్నింటిని ఉంచి, కొన్నింటిని తీసి, కొత్తవి చేర్చి మరో రూపంలో విడుదల చేయడం రీమిక్స్. ట్రాన్స్ అనేది 1990ల తొలినాళ్లలో ప్రధానంగా జర్మనీలో రూపుదిద్దుకున్న ఎలక్ట్రానిక్ నృత్య సంగీత శైలి. నిమిషానికి సుమారు 125 నుంచి 150 దెబ్బలతో ఆగకుండా సాగే తాళం, పదే పదే తిరిగి వచ్చే చిన్న స్వరవలయం, మధ్యలో తాళం పూర్తిగా నిలిచిపోయి స్వరం మాత్రమే మిగిలే ఒక సుదీర్ఘ విరామం, ఆ విరామం నుంచి మెల్లమెల్లగా ఉద్వేగాన్ని పెంచి తాళాన్ని ఒక్కసారిగా తిరిగి దింపే ఘట్టం దాని ప్రధాన లక్షణాలు. ఆ తిరిగి దిగే క్షణాన్ని డీజేలు ‘డ్రాప్’ అంటారు. ఇదే దశకంలో గోవాలోని అంజునా తీరంలో విదేశీ యాత్రికుల మధ్య గోవా ట్రాన్స్ అనే మరో శాఖ పెరిగింది. దానికి ముందే, 1982లో, ముంబయి సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ కంపెనీ యంత్రాలపై పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో అది ఎవరి చెవినా పడలేదు, 2010లో పునర్ముద్రణ పొందాకే ప్రపంచం విస్తుపోయింది.

రీమిక్స్ ప్రత్యేక కళగా నిలవడానికి పన్నెండు అంగుళాల రికార్డు ఒక భౌతిక కారణం. వినైల్ రికార్డుపై శబ్దం ఒక గాడి రూపంలో ఉంటుంది. ధ్వని ఎంత బిగ్గరగా, ఎంత మంద్రంగా ఉంటే ఆ గాడి పక్కలకు అంత వెడల్పుగా ఊగుతుంది, కనుక పక్క గాడితో ఢీకొనకుండా అంత ఎక్కువ చోటు కావలసి వస్తుంది. ఏడు అంగుళాల రికార్డుపై మూడు నాలుగు నిమిషాల పాటకు మించి పట్టేది కాదు, పట్టినా బేస్‌ను తగ్గించి చెక్కవలసి వచ్చేది. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ ఒకే పాటను పన్నెండు అంగుళాల పళ్లెంపై చెక్కించినప్పుడు గాడులు విశాలంగా పరచుకొని, శబ్దం బిగ్గరగా, బేస్ నిండుగా వచ్చాయి. 1976లో వాల్టర్ గిబ్బన్స్ సాగదీసి రీమిక్స్ చేసిన ‘టెన్ పర్సెంట్’ ఈ పరిమాణంలో బజారులో అమ్ముడైన తొలి సింగిల్‌గా పేరొందింది. అంతకు ముందే జమైకాలో కింగ్ టబ్బీ పాటల్లోంచి గొంతును తొలగించి, మిగిలిన వాద్యాలను ప్రతిధ్వనుల్లో ముంచి ‘డబ్’ రూపాలు తయారుచేస్తూ ఉన్నాడు. చోటు దొరికినప్పుడు సంగీతం పొడవు పెరిగింది. పొడవు పెరిగినప్పుడు నెమ్మదిగా నిర్మించడం, విరామం ఇవ్వడం, తిరిగి దింపడం సాధ్యమయ్యాయి. ట్రాన్స్ నిర్మాణమంతా ఈ గాడి వెడల్పు మీదే మొదట నిలిచిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

‘ది ఏజ్ ఆఫ్ లవ్’ చరిత్ర ఇక్కడి నుంచి చదివితే అర్థవంతమవుతుంది. 1992 నాటి జామ్ అండ్ స్పూన్ రూపానికి ‘వాచ్ ఔట్ ఫర్ స్టెల్లా మిక్స్’ అని పేరు పెట్టారు. అదే ఏడాది ‘స్టెల్లా’ అనే వారి సొంత బాణీ కూడా వెలువడింది గనుక రీమిక్స్ పేరు ఒక ప్రకటనగానూ పనిచేసింది. మూలంలోని గొంతును, స్వరవలయాన్ని వారు వదల్లేదు; వాటి చుట్టూ ఉన్న కాలాన్ని మార్చారు. పొరలు ఒక్కొక్కటిగా ప్రవేశించే పద్ధతి, వినేవాడు ఎదురుచూసే వ్యవధి, విరామం తరువాత తాళం దిగే తీరు కొత్తవి. 1997లో పాల్ వాన్ డైక్, ఇమ్మాన్యుయెల్ టాప్ వంటివారి రీమిక్సులతో అది బ్రిటన్‌లో మళ్లీ విడుదలై సింగిల్స్ పట్టికలో తొలి 20 స్థానాల్లో నిలిచింది. 2021లో బెల్జియన్ డీజే షార్లెట్ డి విట్టె, ఇటలీకి చెందిన ఎన్రికో సాంజులియానో కలిసి మరింత కఠినమైన, లోతైన టెక్నో తాళంతో దాన్ని మరోసారి తయారుచేశారు. మూడు దశాబ్దాల పాటు మారుతూ వచ్చినదంతా లయభాగం, శబ్దపు బరువు, నిడివి; మారకుండా నిలిచింది కొద్ది స్వరాల ఒక చిన్న ఆకృతి.

ఇంతకంటే పెద్ద దూరం ప్రయాణించిన బాణీ కూడా ఉంది. అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ 1936లో తీగవాద్యాల చతుష్టయం కోసం రాసిన ఒక భాగం, 1938లో టోస్కనీని నిర్వహణలో ‘అడాజియో ఫర్ స్ట్రింగ్స్’గా ప్రసిద్ధమై, మరణ సంతాప సభలలో వినిపించే సంగీతంగా స్థిరపడింది. 1999లో విలియం ఆర్బిట్ దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో సింగిల్‌గా విడుదల చేశాడు. ఫెర్రీ కోర్స్టెన్ రీమిక్స్ దాన్ని ట్రాన్స్ వేదికలపైకి తెచ్చింది. 2005లో డచ్ డీజే టియెస్టో సింగిల్‌తో అది క్రీడామైదానాల్లో వేలాదిమంది ఎగిరే బాణీ అయింది. మరణానికి వాయించిన స్వరం ఉత్సవానికి పనికొచ్చిందంటే, దుఃఖమో ఆనందమో స్వరంలోనే పూర్తిగా నిక్షిప్తమై ఉండదని, కాలప్రమాణమూ సందర్భమూ కూడా దాన్ని నిర్ణయిస్తాయని ఒప్పుకోవలసి ఉంటుంది.

ఆ కాలప్రమాణాన్ని అంకెల్లో చూడాలి. నిమిషానికి 138 దెబ్బల ట్రాన్స్ బాణీలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య వ్యవధి సుమారు 435 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు భాగాలు చేసి వాయించే స్వరాల మధ్య వ్యవధి దాదాపు 109 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు తొమ్మిదికి పైగా స్వరాలు. ఇంత ఖచ్చితంగా నిమిషాల తరబడి తప్పకుండా వాయించడం యంత్రానికే సులభం. 1983లో వచ్చిన మిడి అనే ప్రమాణం వేర్వేరు కంపెనీల వాద్యయంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే భాషగా ఏర్పడి, ప్రతి దెబ్బను 24 సంకేతాలుగా విభజించి అన్ని యంత్రాలనూ ఒకే గడియారానికి కట్టివేసింది. ఆ గడియారంలోకి మనిషి శరీరం ఎలా చేరుతుందన్నది మరింత ఆసక్తికరమైన ప్రశ్న. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ ప్రచురించిన పరిశోధనలో, కాళ్లూ చేతులూ కదపకుండా కేవలం లయను వింటున్నవారి మెదడులో కూడా కదలికలను నడిపే బేసల్ గాంగ్లియా, అనుబంధ చలన ప్రాంతం చురుగ్గా పనిచేస్తున్నట్లు కనిపించింది. 2009లో హంగరీ పరిశోధకులు నిద్రిస్తున్న నవజాత శిశువులకు తాళం వినిపించి, మధ్యలో ముఖ్యమైన దెబ్బను తొలగించినప్పుడు వారి మెదడు విద్యుత్ సంకేతాల్లో ఆ లోపం నమోదవడాన్ని గమనించారు. బయటి లయకు లోపలి లయ సర్దుకోవడాన్ని లయానుసంధానం అనవచ్చు. అది నేర్చిన విద్య కాకముందే శరీరంలో ఉన్న సామర్థ్యమన్నమాట.

డ్రాప్ ఇచ్చే ఉద్వేగానికి కూడా ఒక వివరణ ఉంది. 2011లో మాంట్రియల్ పరిశోధకులు, తమకు ఇష్టమైన సంగీతం వింటూ ఒళ్లు గగుర్పొడిచే స్థితికి చేరినవారి మెదడును పరిశీలించి, పరాకాష్ఠకు ముందు ఎదురుచూసే దశలో ఒక ప్రాంతంలోనూ, పరాకాష్ఠ వచ్చిన క్షణంలో మరో ప్రాంతంలోనూ డోపమైన్ విడుదలవుతోందని చూపారు. ఎదురుచూపు సుఖానికి ముందుమాట మాత్రమే కాదు, దానికదే ఒక సుఖం. రీమిక్స్ చేసేవారు ప్రధానంగా సవరించేది ఈ ఎదురుచూపు నిడివినే.

అయితే లయ మనిషిని తనను తాను మరిచే స్థితికి యాంత్రికంగా నెట్టగలదా అన్న ప్రశ్నపై శాస్త్రంలో పాత వివాదమొకటి ఉంది. 1960ల తొలినాళ్లలో ఆండ్రూ నెహర్, సెకనుకు కొన్ని మార్లు మోగే డోలు శబ్దం మెదడు తరంగాలను తన వేగానికి లాగి పూనకం వంటి స్థితిని కలిగిస్తుందని ప్రతిపాదించాడు. 1980లో ఫ్రెంచ్ పండితుడు గిల్బర్ రూజె, సంగీతానికీ పూనకానికీ ఉన్న సంబంధంపై రాసిన పెద్ద గ్రంథంలో ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు: డోలు శబ్దమే కారణమైతే వాయించేవాడికీ, చుట్టూ నిలుచున్న వందలమందికీ కూడా పూనకం రావాలి కదా అన్నది ఆయన ప్రధాన అభ్యంతరం. ఒక సమాజం ఏ శబ్దానికి ఏ దైవాన్ని జతచేసిందో, ఏ వ్యక్తి ఆ దైవాన్ని మోయడానికి సిద్ధపడి ఉన్నాడో, ఆ సంబంధమే పూనకాన్ని నిర్ణయిస్తుందని ఆయన వాదించాడు.

ఈ వాదానికి ఓరుగల్లు జాతరలను మించిన సాక్ష్యం ఉండదు. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు పట్నాలనే రంగుల ముగ్గులు వేసి డోలు, తాళాలు మోగిస్తుంటే, పసుపు పూసుకొని జుట్టు విరబోసుకున్న శివసత్తులనే భక్తులు పూనకంతో శిగమూగుతారు. అదే దరువు అక్కడే చెరకు గడలు, బెల్లం అమ్ముకొనేవాడి చెవిలోనూ పడుతుంది; అతడు బేరం మానడు. వాయించేవారు ఊగుతున్న శరీరాన్ని కనిపెట్టుకొని ఉండి, అది తడబడితే దరువును నిలకడగా పట్టుకొని, అది వేగం అందుకుంటే తామూ అందుకుంటారు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతరలో చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తీసుకువచ్చేటప్పుడు కోయ డోలీలు ఆగకుండా మోగుతాయి, పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేలుస్తాడు, ఎదురువచ్చే భక్తులు దారి పొడవునా పూనకాలతో ఊగిపోతారు. ఈ శబ్దాల క్రమం వారికి ఏడాదులుగా తెలిసిందే. ఏ శబ్దం తరువాత తల్లి దర్శనమిస్తుందో వారి శరీరానికి తెలుసు. ట్రాన్స్ వేదిక ముందు నిలబడ్డవాడు విరామం మొదలవగానే చేతులు పైకెత్తి డ్రాప్ కోసం వేచిచూడటం కూడా ఇలా నేర్చుకున్న సిద్ధపాటే, దాని వెనుక దైవభావన లేకపోవచ్చు గాని. పెద్ద డీజేలు జనాన్ని చూసి విరామాన్ని పొడిగించడం, కుదించడం ఒగ్గు డోలు వాయించే కళాకారుడికి తెలియని విద్య కాదు. జనగామ ప్రాంతం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య వంటి ఒగ్గు కళాకారులు ఒకే కథను రాత్రి పొడవునా నడిపేవారంటే, ఆ కథకు స్థిరమైన నిడివి ఉండేది కాదని, ఊరినీ జనాన్నీ బట్టి అది ప్రతిసారీ కొత్తగా కూర్చుకొనేదని గ్రహించాలి.

జాతర వాద్యాన్ని దగ్గరగా పరిశీలిస్తే రీమిక్స్ చేసే యంత్రం ఏ లోటును భర్తీ చేయడానికి వచ్చిందో అర్థమవుతుంది. డప్పు ఒక చెక్క చట్రానికి ఒకవైపు మాత్రమే తోలు బిగించిన వాద్యం. కుడిచేతి లావుపాటి సిర్ర బరువైన దెబ్బను, ఎడమచేతి సన్నని సిటికెన పుల్ల పదునైన చిట్లింపును ఇస్తాయి. వాయించే ముందు గడ్డి మంటకు దాన్ని కాస్తారు, ఎందుకంటే తోలులోని తేమ ఆవిరైతే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే కంపనాల వేగమూ, స్వరపు ఎత్తూ పెరుగుతాయి. వానాకాలపు పెళ్లిలో ఒకటికి నాలుగుసార్లు కాచవలసి రావడం అందుకే. డప్పు వెనుక భాగం తెరిచి ఉంటుంది. తోలు ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది; తరంగదైర్ఘ్యం వాద్యం కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన మంద్ర ధ్వనుల్లో ఈ రెండు వ్యతిరేక తరంగాలు చట్రం అంచు చుట్టూ తిరిగి వచ్చి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. అందువల్ల డప్పు చప్పుడు ఎంత దూరం వినిపించినా, దానిలో 60 హెర్ట్జ్‌లకు దిగువన ఉండే, గుండెల మీద తట్టినట్లనిపించే శబ్దశక్తి అతి తక్కువ. రోలాండ్ టీఆర్-909 వంటి తాళయంత్రపు ‘కిక్’ సరిగ్గా అక్కడ పుడుతుంది: ఒక సాదా విద్యుత్ కంపనం ఎత్తు నుంచి మంద్రానికి సెకనులో కొద్ది భాగంలో జారిపోతుంది, మొదట్లో ఒక చిన్న టిక్కు చేరుతుంది, అంతే. డీజే డప్పు దరువు కింద ఈ కిక్‌ను పరచినప్పుడు రెండూ ఒకదాని చోటును మరొకటి ఆక్రమించవు. సిటికెన పుల్ల పైన, సిర్ర మధ్యన, కిక్ అడుగున నిలబడతాయి. ఓరుగల్లు బరాత్‌లలో, అంటే పెళ్లి ఊరేగింపుల్లో, డప్పూ డీజే బేస్ కలిసినప్పుడు వచ్చే నిండుదనానికి కారణం ఇదే, ఈ కూర్పును కనిపెట్టినవారికి శబ్దశాస్త్రంతో పనిలేకపోయినా వారి చెవులు దాన్ని సరిగానే కనిపెట్టాయి.

ఈ కూర్పులో కష్టమైన ఘట్టం వేగాన్ని కలపడం. రికార్డును వేగంగా తిప్పితే లయతో పాటు స్వరమూ పెరుగుతుంది. సుమారు 6 శాతం వేగానికి ఒక అర్ధస్వరం పెరుగుతుందని లెక్క. నిమిషానికి 100 దెబ్బల నడకలో పాడిన ఒక జానపద గీతాన్ని 138 దెబ్బల తాళానికి తేవాలంటే, ఈ పద్ధతిలో గొంతు దాదాపు ఐదున్నర అర్ధస్వరాలు ఎక్కి, పాడిన స్త్రీ గొంతు చిన్నపిల్ల కీచుగొంతుగా మారిపోతుంది. స్వరాన్ని కదపకుండా కాలాన్ని మాత్రమే కుదించే మార్గాన్ని 1966లో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లానగన్, గోల్డెన్ ‘ఫేజ్ వోకోడర్’ రూపంలో చూపారు: ధ్వనిని అతి చిన్న కాలఖండాలుగా తరిగి, ఒక్కో ఖండంలో ఏయే కంపనాలు ఎంతెంత బలంగా ఉన్నాయో లెక్కించి, ఆ కంపనాలను యథాతథంగా ఉంచుతూ ఖండాల మధ్య దూరాన్ని తగ్గించడమో పెంచడమో చేస్తారు. టెలిఫోన్ అవసరాల కోసం పుట్టిన ఈ గణితం 2001లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ వంటి సాఫ్ట్‌వేర్ల తరం ద్వారా సామాన్యమైన ల్యాప్‌టాప్‌లోకి చేరింది. పొరలను విడదీయడం అంతకంటే ఆలస్యంగా సాధ్యమైంది. పెద్ద రీమిక్స్ నిర్మాతలకు స్టూడియో నుంచి వేర్వేరు పొరల టేపులు అందుతాయి, ఊరి డీజేకు చేతికందేది కలిసిపోయిన ఒకే ధ్వని. 2019లో డీజర్ సంస్థ ఉచితంగా విడుదల చేసిన స్ప్లీటర్ వంటి ప్రోగ్రాములు, వేల పాటలపై శిక్షణ పొంది, ధ్వని చిత్రపటంలో ఏ చుక్క గొంతుది, ఏ చుక్క తాళానిది అని అంచనా వేసి, చేటలో చెరిగినట్లు రెండింటినీ వేరుచేస్తాయి. చెరుగుడు సంపూర్ణంగా ఉండదు. విడదీసిన గొంతు చుట్టూ నీళ్లలోంచి వచ్చినట్లు వినిపించే ఒక చెమ్మ మిగులుతుంది, తెలంగాణ డీజే పాటలు ఎన్నింటిలోనో శ్రద్ధగా వింటే ఆ చెమ్మ పట్టుబడుతుంది.

వేగం కుదిరినా నడక కుదరకపోవచ్చు. ట్రాన్స్ తాళం ప్రతి దెబ్బనూ నాలుగుగా విభజిస్తుంది. కర్ణాటక సంగీత పరిభాషలో అది చతురశ్ర గతి. హైదరాబాద్ రాజ్యంలో అరబ్బు, సిద్దీ వర్గాల మర్ఫా వాద్యంతో పాటు వ్యాపించి డప్పులో కలిసిపోయిన తీన్మార్ దరువు మూడు మూడుగా విరుగుతుంది, అంటే తిశ్ర గతి. మూడుగా నడిచే పాటను నాలుగుగా నడిచే తాళంపై బలవంతంగా కూర్చోబెడితే పదాలు కుంటుతాయి. తెలంగాణ డీజేలు దీనికి ఒక చక్కని పరిష్కారం కనుగొన్నారు: కిక్‌ను యూరోపియన్ బాణీలో లాగే సమాన వ్యవధిలో నిలిపి, రెండు కిక్‌ల మధ్య వ్యవధిని మాత్రం మూడుగా పంచి అందులో తీన్మార్‌ను నింపుతారు. కాళ్లు కిక్‌కూ, భుజాలు దరువుకూ కదులుతాయి. ఇంపైన ఈ సంకరం ట్రాన్స్ గ్రంథాల్లో ఎక్కడా చర్చకు రాకపోవడం లోటే.

‘ది ఏజ్ ఆఫ్ లవ్’కు తాజా రీమిక్స్ వెలువడిన 2021లోనే తెలుగులో ఒక జానపద గీతం సింగిల్‌గా అంతకు మించిన సంచలనం సృష్టించింది. శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ చిత్రం నుంచి ఫిబ్రవరి చివర విడుదలైన ‘సారంగ దరియా’ను, జానపద పల్లవి ఆధారంగా సుద్దాల అశోక్ తేజ రాయగా, పవన్ సీహెచ్ స్వరపరచగా, మంగ్లీ పాడింది; సినిమా సెప్టెంబర్‌లో వచ్చే నాటికి పాట ఇంటింటా తిరిగింది, దాని డీజే రూపాలు ఊరూరా మోగాయి. వరంగల్ ప్రాంతపు గాయని కోమలి అంతకు ఏళ్ల ముందే ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో ఆ పాటను పాడి ఉండటంతో, గుర్తింపు ఎవరికి దక్కాలన్న చర్చ బహిరంగంగానే సాగింది. పెద్దల నోట విన్న పాట టీవీ వేదికకు, అక్కడి నుంచి సినిమా సింగిల్‌కు, అక్కడి నుంచి బరాత్ డీజేకు చేరిన ఈ వరుసలో ప్రతి మెట్టుపైనా పాట వేగం, పదాలు, వాద్యాలు మారాయి. పల్లవి ఆకృతి నిలిచింది. చట్టం ఈ వరుసలో ఒక్కో మెట్టును ఒక్కో రకంగా చూస్తుంది. కర్త తెలియని జానపదం ఎవరైనా వాడుకోదగినది. దాని ఆధారంగా రాసిన సినిమా పాటకు మాత్రం హక్కుదారులుంటారు. 2012 సవరణ తరువాత భారత కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్ల వ్యవధి గడవకుండా గాని, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులు చేస్తూ గాని మరొకరి పాటకు కొత్త రూపం విడుదల చేయాలంటే అనుమతి ఉండి తీరాలి. అంటే అమ్మమ్మ నుంచి మనవరాలికి స్వేచ్ఛగా మారుతూ వచ్చిన పాట, ఒకసారి సింగిల్ అయ్యాక అలా స్వేచ్ఛగా మారే హక్కును పోగొట్టుకుంటుంది.

మంద్ర ధ్వని విషయంలో మరొక మాట చెప్పుకోవలసి ఉంది. 2022లో ప్రచురితమైన అధ్యయనంలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో 8 నుంచి 37 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనిని ఇచ్చే ప్రత్యేక స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి ఆన్, ఆఫ్ చేస్తూ ప్రేక్షకుల కదలికలను కొలిచారు. ఆ ధ్వని వస్తున్నట్లు శ్రోతలకు తెలియకపోయినా, అది మోగినప్పుడు కదలికలు 11.8 శాతం పెరిగాయి. చెవికి తెలియని బేస్‌ను శరీరం పట్టుకుంటోందన్నమాట. అదే బేస్ వీధిలో సమస్య కూడా అవుతుంది. ఓరుగల్లు ఎండల్లో 40 డిగ్రీల వేడికి ధ్వనివేగం సెకనుకు దాదాపు 355 మీటర్లు, కనుక 50 హెర్ట్జ్‌ల కిక్ తరంగదైర్ఘ్యం ఏడు మీటర్ల పైచిలుకు. ఇరుకు సందుల వెడల్పు కంటే పెద్దదైన ఈ తరంగం గోడలకు ఆగదు, మలుపుల చుట్టూ వంగి, తలుపులు మూసిన గదిలోకి కూడా చేరి కిటికీ రెక్కలను కంపింపజేస్తుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల వరకు భరించవచ్చని, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుందని వృత్తి ఆరోగ్య నిపుణుల ప్రమాణం. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద పావుగంటకు మించి నిలబడరాదు. డీజే బాక్సుల ముందు గంటల తరబడి ఎగిరే కుర్రవాళ్ల చెవి లోపలి రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. నిషేధం చెవులను కాపాడవచ్చు, కాని బాక్సుల ముందు నిలబడే దూరాన్ని రెట్టింపు చేస్తే, ఆరుబయట ఒక్క స్పీకర్ల గుంపు నుంచి వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందన్న చిన్న లెక్క ప్రతి డీజే నిర్వాహకుడికీ, ప్రతి పెళ్లి పెద్దకూ తెలిసి ఉండటం మరింత అవసరం.

‘ది ఏజ్ ఆఫ్ లవ్’ ఏ రూపం ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా, ఏ సంస్థ నుంచి వచ్చిందో ఈ రోజు చెప్పగలుగుతున్నామంటే, ప్రతి పన్నెండు అంగుళాల రికార్డు మధ్యనున్న గుండ్రని కాగితంపై ఆ వివరాలు అచ్చయి ఉండటమే కారణం. ఓరుగల్లు డీజే పాటల శీర్షికల్లో సాధారణంగా కనిపించేవి రీమిక్స్ చేసినవారి పేరు, ఊరు, తరచుగా ఫోన్ నంబరు. పాట పాడిన మనిషి, డప్పు కొట్టిన చేయి, పాట సేకరించిన ఊరు, ఏడాది ఉండవు. అవి లేనందువల్ల ఒక దరువు ఐనవోలు నుంచి బరాత్‌లోకి వచ్చేటప్పుడు దాని వేగం ఎంత పెరిగిందో, తీన్మార్ ఎప్పుడు కిక్‌తో జతకట్టిందో ఏ పరిశోధకుడూ తేదీలు వేసి చెప్పలేని స్థితి ఏర్పడింది. ఒగ్గు డోలు, డప్పు వాయించే పెద్దలు బతికి ఉండగానే వారి దరువులను ఒక్కో పొరగా, వేగం కొలిచి, వాయించినవారి పేరుతో సహా రికార్డు చేసి ఉంచితే, రేపటి రీమిక్స్ నిర్మాతలకు కలగలిసిన ధ్వనిని చెరిగే అవసరం తప్పుతుంది, వాయించిన చేతులకు చెల్లించవలసిన పారితోషికానికీ ఒక ఆధారం దొరుకుతుంది.